కేక వినేదెవరు?

ఆపదలో ఉన్న ఓడ ఆచూకీని నిమిషాల్లో చెప్పే పరికరాలు పెద్ద ఓడలకు తప్పనిసరై పాతికేళ్లు దాటింది. చేపల వేట పడవలకు మాత్రం అలాంటి పరికరాలు ఇప్పుడిప్పుడే పూర్తి స్థాయిలో అందుతున్నాయి. అవి చేతికి రావడం ఒక ఎత్తయితే, ఆపద వేళ పనిచేయడం మరో ఎత్తు.

2018 సెప్టెంబర్ 21. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరంలో ఒక చిన్న తెరచాప పడవ తుపానులో చిక్కుకుని పల్టీ కొట్టింది. తెరచాప కొయ్య విరిగిపోయింది. పడవలో ఉన్నది ఒకే ఒక్కడు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పోటీలో పాల్గొంటున్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ. వెన్నెముకకు తీవ్రంగా గాయమై ఆయన లేచి నిలబడలేని స్థితిలో ఉన్నారు. అయితే ఆయన దగ్గర ఆపద సంకేతం పంపే బీకన్ ఉంది. ఆ సంకేతం ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరింది. ఆస్ట్రేలియా రక్షణ కేంద్రం రంగంలోకి దిగింది. భారత నౌకాదళ విమానం పడవ జాడ పట్టింది. సెప్టెంబర్ 24న ఫ్రాన్స్‌కు చెందిన గస్తీ నౌక ఒసిరిస్ ఆయనను ప్రాణాలతో బయటికి తీసింది. అక్టోబర్ మొదటి వారంలో ఐఎన్‌ఎస్ సాత్పూరా ఆయనను విశాఖపట్నం చేర్చింది.

ఇది జరగడానికి దాదాపు పది నెలల ముందు, 2017 నవంబర్ చివర్లో, అదే మహాసముద్రపు ఉత్తర కొసన ఓక్కి తుపాను విరుచుకుపడింది. కన్యాకుమారి, తిరువనంతపురం జిల్లాల నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో 300 మందికి పైగా చనిపోయారు లేదా జాడ లేకుండా పోయారు. నవంబర్ 29 ఉదయానికి వాయుగుండంగా ఉన్నది 30వ తేదీకల్లా తుపానుగా మారింది. అంతకు ఎన్నో రోజుల ముందే దూర సముద్రానికి వెళ్లిపోయిన పడవలకు ఆ కబురు చేరవేసే సాధనం లేదు. మునిగిపోతున్నామని అక్కడి నుంచి ఒడ్డుకు చెప్పే దారి కూడా చాలామందికి లేదు.

ఈ రెండు ఘటనలనూ ఒకే తూకంలో వేయలేం. ఒకచోట ఒక్క మనిషి, ఒక్క పడవ. మరోచోట విశాలమైన సముద్రంలో చెల్లాచెదురైన వందలాది పడవలు. అయినా ఒక తేడాను మాత్రం పట్టించుకోక తప్పదు. టామీ ఎక్కడున్నారో ప్రపంచానికి తెలుసు. ఓక్కిలో చిక్కుకున్న వాళ్లు ఎక్కడున్నారో నౌకాదళానికీ, కోస్ట్ గార్డ్‌కూ తెలియదు. వెతికేవాడి ధైర్యం ఎంతున్నా, ఎక్కడ వెతకాలో తెలియకపోతే అది పెద్దగా అక్కరకు రాదు.

చిన్న లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. ఇంజన్ చెడిన పడవ గంటకు రెండు నాటికల్ మైళ్ల చొప్పున కొట్టుకుపోతోందనుకుందాం. ఎటువైపు పోయిందో తెలియకపోతే, 24 గంటల తర్వాత వెతకాల్సిన సముద్రం దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న తూర్పు గోదావరి జిల్లాకు ఇది రెండింతల కంటే ఎక్కువ. అదే జీపీఎస్ ఉన్న బీకన్ మోగితే వెతకాల్సిన జాగా ఒక ఊరి చెరువంత కూడా ఉండదు.

ఓడకో న్యాయం, పడవకో న్యాయం

సముద్ర భద్రత చట్టాలన్నీ పెద్ద ప్రమాదాల తర్వాత పుట్టినవే. 1912లో టైటానిక్ మునిగింది. దగ్గర్లోనే ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడలో రేడియో ఆపరేటర్ అప్పటికే నిద్రపోవడంతో టైటానిక్ పంపిన ఆపద సందేశాలను అక్కడ వినేవారే లేకపోయారు. ఆ గుణపాఠంతోనే 1914లో సముద్రంలో ప్రాణరక్షణపై తొలి అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ రూపుదిద్దుకుంది. ఉపగ్రహాల కాలం వచ్చాక అమెరికా, కెనడా, ఫ్రాన్స్, నాటి సోవియట్ యూనియన్ కలిసి కాస్పాస్-సార్సాట్ వ్యవస్థను తెచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధంలో ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న దేశాలు సముద్రంలో, ఆకాశంలో ఆపదపాలైన వారి కోసం మాత్రం చేతులు కలిపాయి. 1982లో తొలి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. అప్పటి నుంచి ఇప్పటివరకు 60 వేల మందికి పైగా ఈ వ్యవస్థ సాయంతో బయటపడ్డారు.

దీని పని తీరు తేలిగ్గానే అర్థమవుతుంది. ఓడ మీద ఈపీఐఆర్‌బీ అనే బీకన్ ఉంటుంది. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ తరంగంపై అది తన గుర్తింపు సంఖ్యను, జీపీఎస్ ఉంటే తానున్న చోటును కూడా పంపుతుంది. ఓడ మునిగినా నష్టం లేదు. నాలుగు మీటర్ల లోతుకు చేరేలోపే నీటి ఒత్తిడికి దాని బిగింపు ఊడిపోయి, బీకన్ పైకి తేలి తనంతట తానే సంకేతాలు మొదలుపెడుతుంది. బ్యాటరీ కనీసం 48 గంటలు పనిచేయాలన్నది నిబంధన. భారత ఉపఖండానికి సంబంధించి ఈ సంకేతాలు బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రానికి చేరతాయి. శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవుల వంటి పొరుగు దేశాల ఆపద సంకేతాలను అందుకునే బాధ్యత కూడా దానిదే. మన సముద్రానికి సంబంధించి ముంబై, చెన్నై, శ్రీవిజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్)లలోని కోస్ట్ గార్డ్ కేంద్రాలు ఆ కబురు అందుకుని ఓడలనూ విమానాలనూ కదిలిస్తాయి. ఆ కేంద్రాల పరిధి 46 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దేశ భూభాగం కంటే ఎక్కువ.

1999 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాలు అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలకూ, 300 టన్నులు ఆపైన ఉన్న సరుకు ఓడలకూ పూర్తిగా తప్పనిసరయ్యాయి. చేపల పడవలకు మాత్రం మినహాయింపు ఉంది. చేపల ఓడల భద్రత కోసం 1977లో స్పెయిన్‌లోని టొర్రెమొలినోస్‌లో కుదిరిన ఒప్పందం ఏనాడూ అమల్లోకి రాలేదు. 1993లో దాన్ని సవరించినా అదే గతి పట్టింది. 2012 నాటి కేప్‌టౌన్ ఒప్పందం కూడా 24 మీటర్లు, ఆపైన ఉన్న ఓడల గురించే మాట్లాడుతుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో లంగరు వేసి ఉండే మరబోట్లలో అత్యధికం ఈ కొలతకు అందవు. ఫైబర్ తెప్పల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రపంచంలోని ప్రమాదకర వృత్తుల్లో చేపల వేట ఒకటని అందరూ ఒప్పుకుంటారు. నిబంధన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వృత్తిలో ఉన్నవాళ్లే బయట మిగిలిపోయారు.

మరి పడవ మీద ఉన్నదేమిటి? సెల్‌ఫోన్ తీరం నుంచి కొద్ది కిలోమీటర్లు దాటితే మూగబోతుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉన్నా యాంటెన్నా ఎత్తును బట్టి కొన్ని పదుల కిలోమీటర్లకు మించి పలకదు. ఆ పరిధిలో మరో బోటు ఉండి, అందులో ఎవరో ఒకరు మేలుకుని 16వ ఛానల్ వింటూ ఉండాలి. చేతిలో పట్టుకునే ఎర్ర మంట నిమిషంసేపు మండుతుంది. ఆకాశంలోకి ఎగిరి పారాచూట్‌తో దిగే రాకెట్ మంట వెలిగేది 40 సెకన్లు. చూసేవాడు ఉంటేనే ఇవన్నీ. పది పదిహేను రోజుల పాటు ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరంలో వేటాడే బోటుకు ఇవి ఆఖరి నిమిషంలో అక్కరకొచ్చే సాధనాలే తప్ప ఒడ్డుకు కబురు పంపే సాధనాలు కావు.

అరిచేదొకటి, వినేదొకటి

విదేశీ బీకన్ కొనాలంటే చిన్న బోటు యజమానికి తలకు మించిన ఖర్చు. దీనికి ఇస్రో 2010లో ఒక దేశీయ జవాబు తెచ్చింది. అదే డాట్. పడవ మునుగుతున్నా, నిప్పంటుకున్నా, మనిషి నీళ్లలో పడినా, వైద్య సాయం కావాల్సి వచ్చినా బటన్ నొక్కితే పడవ గుర్తింపు, అది ఉన్న చోటు మన సొంత ఉపగ్రహం ద్వారా బెంగళూరు చేరతాయి. ఇస్రో లెక్క ప్రకారం 20 వేలకు పైగా డాట్‌లు వాడకంలోకి వచ్చాయి. ప్రాణాలు కాపాడిన పరికరమే అయినా దానికో పెద్ద లోపం ఉండేది. అది అరవగలదు, వినలేదు. బటన్ నొక్కిన సరంగుకు తన కేక ఎవరికైనా వినిపించిందో లేదో తెలిసే దారి లేదు.

ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. నడి సముద్రంలో అది చావు బతుకుల ప్రశ్న. సాయం వస్తోందని తెలిస్తే కలాసీలు పడవను పట్టుకునే వేలాడతారు, ఉన్న కాసిని మంచినీళ్లూ పొదుపుగా వాడుకుంటారు. జవాబు లేకపోతే ఈదుకుంటూ పోదామని ఒకరు, పరికరం చెడిపోయిందేమో విప్పి చూద్దామని మరొకరు తొందరపడతారు. బోటును వదిలి ఈతకు దిగినవాడిని వెతికి పట్టుకోవడం బోటును వెతకడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఓక్కి తర్వాత దీనికి సరిగ్గా తలకిందులైన పరికరం వచ్చింది. తుపాను కబురు నడి సముద్రానికి చేరవేయాలన్న పట్టుదలతో 2019 అక్టోబర్‌లో కేంద్రం జెమిని అనే సాధనాన్ని ఆవిష్కరించింది. దీని వెనకున్నది సముద్రం లేని హైదరాబాద్ నుంచి సముద్రపు ఆనుపానులు చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్. కెరటాల ఎత్తు, తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఉపగ్రహం ద్వారా ఈ చిన్న పెట్టెకు, అక్కడి నుంచి బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోన్‌కు చేరతాయి. ఫోన్‌కు సిగ్నల్ లేకపోయినా ఫర్వాలేదు. అయితే జెమిని వినగలదే గానీ అరవలేదు.

అంటే దాదాపు పదేళ్ల తేడాతో దేశం రెండు పరికరాలు తయారుచేసింది. ఒకటి చెవిటిది, రెండోది మూగది. ఈ రెండూ కలిసి ఒక్కటైంది 2024లోనే. ఆ ఏడాది ఇస్రో తెచ్చిన రెండో తరం డాట్, ఆపద సంకేతం అందిందనీ, సాయం బయల్దేరిందనీ పడవకు తిరుగు సందేశం పంపగలదు. తుపాను, సునామీ హెచ్చరికలను కూడా అందుకుని ఫోన్‌లో సొంత భాషలో చూపగలదు. యూరప్ తన గెలీలియో ఉపగ్రహాల ద్వారా బీకన్లకు ఇలాంటి తిరుగు సందేశం మొదలుపెట్టింది 2020లో. ఆ లెక్కన మనం మరీ వెనకబడిందేమీ లేదు.

అదే ఏడాది ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధానమంత్రి మరో భారీ పథకాన్ని ప్రారంభించారు. సుమారు రూ.360 కోట్లతో 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష పడవలకు, యజమానిపై భారం లేకుండా, రెండు వైపులా సందేశాలు నడిచే ట్రాన్స్‌పాండర్లు దశలవారీగా అమర్చడం దాని లక్ష్యం.

లక్ష అంటే పెద్ద సంఖ్యే. కానీ 2010 నాటి సముద్ర మత్స్య గణన ప్రకారం దేశంలో చేపల పడవలు 1,94,490. వాటిలో మరపడవలు 72,559, బయట ఇంజన్ బిగించుకునేవి 71,313, ఇంజనే లేనివి 50,618. నాటి లెక్కనే తీసుకుంటే ఇంజన్ ఉన్న ప్రతి మూడు పడవల్లో ఒకటి ఈ లక్షలో చోటు దక్కక మిగిలిపోతుంది. తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పల ఊసే లేదు. తీరానికి దగ్గరగా తిరిగేవాటికి ప్రమాదం తక్కువన్న వాదనకు 1996 నవంబర్ 6 నాటి తుపానే జవాబు. కోనసీమను చిదిమేసిన ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అత్యధికంగా దెబ్బతిన్న భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి గ్రామాలు గోదావరి మొగల పక్కనే ఉన్నాయి.

రక్షణా? నిఘానా?

రాజ్యానికి మత్స్యకారుడు రెండు రూపాల్లో కనిపిస్తాడు. ఒకటి కాపాడాల్సిన పౌరుడి రూపం, రెండోది కనిపెట్టి ఉండాల్సిన అనుమానితుడి రూపం. 2008 నవంబర్ 26న ముంబైపై దాడి చేసిన ఉగ్రవాదులు కుబేర్ అనే గుజరాత్ చేపల బోటును హైజాక్ చేసి వచ్చారు. ఆ తర్వాతే పడవల రిజిస్ట్రేషన్, రంగుల గుర్తులు, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వేగం పుంజుకున్నాయి. 20 మీటర్లకు మించిన పడవలకు తమ ఉనికిని చాటే ఏఐఎస్ పరికరాన్ని తప్పనిసరి చేశారు. తుపానుల్లో వందల మంది పోయినప్పుడు కదలని ఫైలు దేశ భద్రత పేరు చెప్పగానే కదిలిందన్న చేదు నిజాన్ని దాచాల్సిన పనిలేదు.

ఇది మనకే పరిమితం కాదు. శ్రీలంక చేపలపై 2015 జనవరిలో యూరోపియన్ యూనియన్ నిషేధం విధించింది. దూర సముద్రంలో అక్రమ వేటను అరికట్టడం లేదన్నది ఆరోపణ. ఆ నిషేధాన్ని ఎత్తివేయించుకునే క్రమంలో శ్రీలంక తన దూర సముద్ర బోట్లకు ఉపగ్రహ ట్రాకర్లు బిగించింది. అక్కడ పరికరాన్ని తెచ్చిపెట్టింది ఎగుమతి ఆదాయం. ప్రాణభయం కాదు.

ట్రాన్స్‌పాండర్ పట్ల మత్స్యకారుల్లో కనిపించే బెరుకుకు మూలం ఇక్కడే ఉంది. పడవ ఎక్కడ తిరుగుతోందో ఎప్పటికప్పుడు తెలిస్తే, ఏ తరాల అనుభవంతోనో కనిపెట్టుకున్న చేపల తావులు నలుగురికీ తెలిసిపోతాయన్నది ఒక భయం. నిషేధిత ప్రాంతంలోకి వెళ్తే జరిమానా పడుతుందన్నది మరొకటి. రెండోదాన్ని పూర్తిగా తప్పుపట్టలేం, అలాగని పూర్తిగా సమర్థించనూ లేం. తీరానికి దగ్గర్లో తెప్పలవాళ్లు వేటాడుకునే జలాల్లోకి మరబోట్లు చొరబడకుండా చూడటం కూడా ప్రభుత్వం పనే.

నిఘా అనిపించేదే ఒక్కోసారి రక్షణగానూ మారుతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి బోట్లలో కూలికి వెళ్లే మత్స్యకారుల సంగతే చూద్దాం. 2018 నవంబర్‌లో వారిలో కొందరిని సరిహద్దు దాటారంటూ పాకిస్థాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలయ్యేదాకా, ఏడాదికి పైగా ఆ ఊళ్లలో పండగల్లేవు. నీళ్ల మీద గీత కనిపించదు. గీత దగ్గర పడుతోందని హెచ్చరించే పరికరం అప్పుడు ఉండి ఉంటే వాళ్ల పరిస్థితి వేరుగా ఉండేది. కొత్త ట్రాన్స్‌పాండర్లలో ఆ హెచ్చరిక సదుపాయం ఉంది.

కాబట్టి నిఘా, రక్షణల్లో ఏది కావాలన్నది సరైన ప్రశ్న కాదు. పడవ కదలికల సమాచారం ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, దేనికి వాడతారు, దేనికి వాడరు అన్నవి రేవులో, తెలుగులో, ముందుగానే చెప్పాల్సిన విషయాలు. ఆ మాట స్పష్టంగా లేకపోతే పరికరాన్ని ఆపేసి వేటకు వెళ్లే బోట్లు ఉండనే ఉంటాయి. ఆపేసిన పరికరం ఎవరినీ కాపాడదు.

బిగిస్తే సరిపోదు

పరికరం చేతికి రావడం సగం పనే. బీకన్ పంపే గుర్తింపు సంఖ్య వెనక పడవ పేరు, యజమాని ఫోన్ నంబర్, సిబ్బంది సంఖ్య సరిగ్గా నమోదై ఉండాలి. బోటు చేతులు మారినా రికార్డుల్లో పాత యజమాని పేరే ఉంటే, అర్ధరాత్రి మోగే ఫోన్ తప్పుడు ఇంటికి వెళ్తుంది. ప్రపంచవ్యాప్తంగా బీకన్లు పంపే హెచ్చరికల్లో అత్యధికం ఉత్తుత్తివే. పొరపాటున నొక్కినవి, కడిగేటప్పుడు మోగినవి, పాత సామానుతో పాటు పారేసినవి. అది నిజమైన ఆపదో కాదో తేల్చుకోవడానికి కోస్ట్ గార్డ్ ముందుగా చేసేది నమోదైన నంబర్‌కు ఫోనే. ఆ ఒక్క ఫోన్ కలిస్తే విలువైన సమయం మిగులుతుంది.

బ్యాటరీ గడువు, ఉప్పు గాలికి తుప్పు పట్టే వైర్లు, రెండు నెలల వేట నిషేధంలో కదలకుండా పడి ఉండే పరికరాలు మరో సమస్య. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునే ఆ 61 రోజుల్లోనే ప్రతి ట్రాన్స్‌పాండర్‌ను పరీక్షించి, ప్రతి కలాసీకి బటన్ ఎలా నొక్కాలో చూపించవచ్చు. సరంగు ఒక్కడికే తెలిస్తే చాలదు. నీళ్లలో పడింది సరంగే అయితే?

ఈ చివరి ప్రశ్నకు ట్రాన్స్‌పాండర్ దగ్గర పూర్తి జవాబు లేదు. అది పడవ ఎక్కడుందో చెబుతుంది, పడవలోంచి జారిపోయిన మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. రాత్రిపూట వల లాగుతూ కాలుజారినవాడి విషయం తెల్లారేదాకా తోటివారికి తెలియకపోవచ్చు. మనిషి ఒంటిమీదే ఉండే వ్యక్తిగత బీకన్లు ప్రపంచంలో ఉన్నాయి, వాటి బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేస్తుంది. మన రేవుల్లో అవి ఇంకా దూరపు మాటే. అప్పటిదాకా లైఫ్ జాకెట్ వేసుకోవడం కన్నా చవకైన మందు లేదు. పనికి అడ్డమని దాన్ని క్యాబిన్ చూరుకు తగిలించి ఉంచే అలవాటు పోవాలంటే, ఉక్కపోతలోనూ వేసుకుని వల లాగగలిగే తేలికపాటి జాకెట్లు కూడా రావాలి.

ఏడేళ్ల నిరీక్షణ

ఆపద సంకేతం విలువ రక్షించిన ప్రాణాలతోనే ముగిసిపోదు. సముద్రంలో గల్లంతైన మనిషి మృతదేహం దొరక్కపోతే చట్టం దృష్టిలో అతను చనిపోయినట్టు కాదు. ఏడేళ్లపాటు అతని గురించి ఏ కబురూ తెలియకపోతేనే మరణించినట్టు భావించాలన్నది బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న సాక్ష్య సూత్రం. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా దాన్ని కొనసాగించింది. ఓక్కి తర్వాత కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు ప్రత్యేక నిర్ణయాలతో ఆ గడువు కోసం ఆగకుండా పరిహారం ఇచ్చాయి. పేరు పెట్టదగ్గ తుపాను కాబట్టి అది సాధ్యమైంది. ఏ తుపానూ లేని మామూలు రాత్రి ఒక్క పడవ మాయమైతే పట్టించుకునే నాథుడు ఉండడు. మరణ ధ్రువపత్రం రాక, బీమా రాక, పింఛను రాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఇంటి ఆడమనిషే. బొట్టు తీసేయాలో ఉంచుకోవాలో కూడా ఆమెకు చెప్పేవారు లేరు.

పడవ చివరిసారి ఏ రోజు, ఏ గంటకు, ఏ చోటి నుంచి సంకేతం పంపిందన్న ఒక్క రికార్డు ఆ కుటుంబానికి పెద్ద ఆధారం. వెతకడానికీ అది పనికొస్తుంది, వెతకడం ముగిశాక అధికారుల ముందు పెట్టడానికీ పనికొస్తుంది. పరికరాలు బిగించే పథకం రూపొందించిన వారే ఆ రికార్డును కుటుంబానికి అడిగిన వెంటనే ఇచ్చే నిబంధన కూడా పెడితే, ట్రాన్స్‌పాండర్ మీద రేవుల్లో ఉన్న అనుమానం చాలావరకు తొలగిపోతుంది. తమపై కన్నేసి ఉంచే పెట్టె తమ తరఫున సాక్ష్యం కూడా చెబుతుందని తెలిస్తే దాన్ని ఆపేయాలని ఎవరనుకుంటారు?

2018లో అభిలాష్ టామీ కోసం మూడు దేశాలు కదిలాయి. వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకుని కోలుకున్న ఆయన, తర్వాతి గోల్డెన్ గ్లోబ్ పోటీని 2023లో రెండో స్థానంతో ముగించారు. ఆ మూడు దేశాలను కదిలించింది ఒక అరచేతి పరికరం, దాని వెనక ఉన్న నమోదు, వినడానికి మేలుకుని కూర్చున్న మనుషులు. ఈ మూడింటిలో ఇప్పుడు మన దగ్గర పరికరం ఉంది, వినే కేంద్రం ఉంది. ఆ రెండింటినీ రేవులోని చిట్టచివరి తెప్ప దాకా తీసుకెళ్లడమే మిగిలిన పని. తర్వాతి ఓక్కి వచ్చేలోగా అది పూర్తి కావాలి.